నిమ్మరసం ఎవరి చేత్తో

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. మా మామగారు చేబ్రోలులో బడిపంతులు. ఆవిడ దృష్టిలో ఉద్యోగమంటే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మోగాలి, పైన ఒక అధికారి ఉండాలి. "అల్లుడుగారూ, మీ పై అధికారి ఎవరండి?" అని పండక్కి వెళ్ళినప్పుడల్లా అడిగేవారు. కూలీలండి అని చెప్పాలని నాకు ఉండేది. ఇద్దరు పెద్దమనుషులండి అన్నది నిజం. ఏదీ చెప్పకుండా కాఫీ తాగేవాణ్ణి.

తెనాలి మారీసుపేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో మా వ్యవసాయ కూలీల సంఘం ఆఫీసు ఉండేది. ఎనభైల మొదట్లో అందులో పూర్తికాలం కార్యకర్తగా చేరి, తొంభైలు అయిపోయేదాకా పనిచేశాను. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెలు నా పరిధి. ఇప్పుడు ఇలాంటి పనుల్లోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. శిక్షణ తరగతుల్లో వాళ్ళకి సిద్ధాంతం చెబుతున్నారు, అర్జీ రాయడం నేర్పుతున్నారు. మంచిదే. నేను చెప్పదలచుకున్నవి మాత్రం కుర్చీల సంగతి, నిమ్మకాయల సంగతి. కుర్చీల దగ్గర నవ్వుకోవచ్చు. నిమ్మకాయల దగ్గర నేను చేసిన తప్పు వల్ల పదకొండు కుటుంబాలు ఆరేళ్ళు కాలవగట్టు మీదే ఉండిపోయాయి. ఇది ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో నవ్వించి తప్పించుకున్నాడని అనుకోకుండా.

కుర్చీలు

సంఘంలో నా పని సగం కుర్చీలు వేయించడం. బయటివాళ్ళు నమ్మరు గానీ ఇది చాలా నైపుణ్యం కావలసిన పని. వేదిక మీద ఎవరి పక్కన ఎవరు, చేతులున్న కుర్చీ ఎవరికి, చేతుల్లేనిది ఎవరికి, ఇందులో తేడా వస్తే మర్నాటికి రెండు మండలాల్లో రాజీనామాలు వచ్చేవి.

ఒకసారి బాపట్లలో ఒక కల్యాణ మండపం తీసుకుని సభ పెట్టాం. పేర్లు పిలిచి వేదిక మీదికి ఆహ్వానించే పని నాది. ఎవర్నీ వదలకూడదని ముందే ఆజ్ఞ. గ్రామ కమిటీలు, మండల కమిటీలు, మహిళా విభాగం, మాజీ కమిటీలు, అందర్నీ పేరుపేరునా పిలిచాను. పిలవడం పూర్తయి ఎదురుగా చూస్తే కింద నలుగురు ఉన్నారు. ఒకాయన టీ కెటిల్‌తో నిలబడ్డాడు. మిగతా ముగ్గురు ముసలమ్మలు. వేదిక మీద ముప్ఫై మందికి పైగా ఉన్నారు. శ్రామికులారా అంటూ మొదలైన ఉపన్యాసం మూడు గంటలపాటు ఆ నలుగురినీ ఉద్దేశించి సాగింది. చివర్లో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "పెళ్ళికొడుకు ఎవరయ్యా వీళ్ళల్లో?" అని అడిగింది. మండపం కదా, భోజనాలుంటాయని వచ్చి కూర్చున్నారు పాపం.

దీన్నుంచి నేనేం నేర్చుకున్నానని అడుగుతారు. ఆనాటికి ఏమీ నేర్చుకోలేదు. తర్వాతి సభకి ఇంకో పది కుర్చీలు ఎక్కువ చెప్పాను.

ఇద్దరు పెద్దలు

మా సంఘం అధ్యక్షులు తెనాలిలో ప్లీడరు. గౌరవాధ్యక్షులు బాపట్లలో రిటైరైన లెక్చరరు. మేం వాళ్ళని ప్లీడరు గారు, లెక్చరర్ గారు అనే అనేవాళ్ళం. అసలు పేర్లు కరపత్రాల మీదే కనిపించేవి, అదీ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయో లేదో నేను స్కేలు పెట్టి చూసుకున్నాక.

వాళ్ళు దొంగలు కారు. ఈ మాట గట్టిగా చెప్పాలి. అమృతలూరు వైపు ఒక పల్లెలో కూలీలని కొట్టిన రోజున, పోలీసులకంటే ముందు వెళ్ళి ఆ వీధి మధ్యలో ఒంటరిగా నిలబడ్డ మనిషి ప్లీడరు గారు. లెక్చరర్ గారు ఇరవై ఏళ్ళపాటు ఆదివారాలు సైకిల్ మీద పల్లెలు తిరిగి, వేలిముద్ర వేసేవాళ్ళకి సంతకం నేర్పారు. కొట్లాట వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఉండేవారు. గెలుపు వచ్చినప్పుడే చిక్కు. మంచివాళ్ళు చెడిపోవడం నేను పెద్దగా చూడలేదు. తమ మంచితనానికి అలవాటుపడిపోవడం చూశాను. అలవాటయ్యాక అది ఎదుటివాళ్ళు తమకి పడ్డ బాకీలా కనిపిస్తుంది.

ఇద్దరి మధ్య నేను తెనాలి నుంచి బాపట్లకి ఒక రైల్లో, రేపల్లెకి ఇంకో రైల్లో తిరుగుతుండేవాణ్ణి. ఒకరు అన్నది ఇంకొకరికి కొంచెం మెత్తగా చేసి చెప్పడం నా రెండో సగం ఉద్యోగం.

రేపల్లె టెంటు

మండలాలు వచ్చిన కొత్తలో సంగతి. రేపల్లెకి కొంచెం దూరంలో ఒక కాలవగట్టు మీద నలభై రెండు కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉండేవి. అందరూ కూలీలే. కాలవకి నీళ్ళు ఎక్కువ వదిలినప్పుడల్లా గుడిసెల్లోకి వచ్చేవి, కాలవ బాగుచేసినప్పుడల్లా గుడిసెలు పీకేసేవాళ్ళు. రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలం ఉంది, అందులో తలా కొంచెం ఇచ్చి పట్టాలివ్వమని మా కోరిక.

వాళ్ళ పెద్ద సువార్తమ్మ. ఎన్నికలు పెట్టి ఎన్నుకున్న పెద్ద కాదు. నాట్ల ముఠా ఆవిడది. ముప్ఫై మంది ఆడవాళ్ళని పొలాలకి తీసుకెళ్ళేది. అన్నం వేళకి అందరూ గట్టెక్కి క్యారేజీలు విప్పాక, ఎవరి క్యారేజీలో ఏముందో ఒకసారి చూసి, లేనివాళ్ళకి ఇంత పెట్టించి, చివర తను కూర్చునేది. నేను పదిసార్లు చూశాను. చూసి కూడా అదేదో ఆవిడ స్వభావం అనుకున్నాను గానీ, నాయకత్వం అంటే ఇదే అని నా బుర్రకి తట్టలేదు. నాకు తెలిసిన నాయకత్వానికి కుర్చీ ఉండేది.

మండలాఫీసు ఎదుట టెంటు వేసి రిలే నిరాహార దీక్ష పెట్టాం. రిలే అంటే రోజుకి ఐదుగురు పొద్దున కూర్చుని సాయంత్రం లేస్తారు, మర్నాడు వేరే ఐదుగురు. ఆదివారం చర్చి ఉంటుంది కనుక దీక్షకి సెలవు. నాలుగో రోజున ఎమ్మార్వో గారు స్వయంగా టెంటు దగ్గరికి వచ్చారు. నెమ్మదైన మనిషి. కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు. స్థలం ఇస్తున్నారు. వచ్చే గురువారం పదింటికి సర్వేయరు గట్టు మీదికి వస్తాడు. ఎవరి గుడిసె ముందు వాళ్ళు నిలబడి ఉండాలి. మనిషి లేకపోతే ఖాళీ గుడిసె కింద రాస్తారు, ఎందుకంటే స్థలాలిస్తారని తెలియగానే ఊళ్ళో వాళ్ళు కూడా వచ్చి ఉత్త గుడిసెలు పాతుతున్నారు.

"ఇంక టెంటు తీసెయ్యండి మరి," అన్నారాయన.

"తీస్తామండి, విరమణ అవగానే," అన్నాను.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. దీక్ష అనేది దానంతటదే ముగియకూడదు. ఒక పెద్ద చేతిమీదుగా నిమ్మరసం తాగితేనే ముగిసినట్టు. ఫోటో పడాలి. అంతకుముందు ఏమి తాగినా అది దాహం కిందే లెక్క. మా ఐదుగురూ రోజూ సాయంత్రం సోడా తాగి బస్సెక్కి ఇంటికెళ్ళి అన్నం తింటూనే ఉన్నారు. అయినా సంఘం లెక్కలో వాళ్ళు ఇంకా ఆకలితో ఉన్నట్టే.

ప్లీడరు గారికి ఫోన్ చేశాను. "నేను వచ్చి ఇచ్చేదాకా విరమించకండి. గుంటూరులో కేసుంది," అన్నారు. లెక్చరర్ గారికి ఈ సంగతి ఎలాగో తెలిసిపోయింది. "రేపల్లె శాఖ పెట్టింది నేనయ్యా. నా చేత్తో ఇవ్వకుండా ఎట్టా ముగుస్తుంది?" అన్నారు.

అలా, కోరినది దొరికిన తర్వాత దీక్ష ఇంకో వారం సాగింది. నినాదాల దగ్గర ఇబ్బంది వచ్చింది. ఇళ్ళ స్థలాలు ఇవ్వాలి అని మైకులో అరుస్తుంటే, బస్టాండు నుంచి వెళ్ళేవాళ్ళు ఆగి, "ఇచ్చారంటగా?" అని అడిగేవాళ్ళు. అవునండి అని చెప్పి మళ్ళీ అరిచేవాళ్ళం. రెండో రోజుకి సువార్తమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఇచ్చేశారు కదండి సార్. ఇంకా ఎందుకు కూచోవడం? నాట్లు పోతన్నాయి."

"విరమణ కావాలమ్మా."

"అంటే ఏం చేస్తారండి?"

"నిమ్మరసం ఇస్తారు."

"మా ఇంటికాడ నిమ్మచెట్టు ఉందండి," అంది ఆవిడ, సాయం చేద్దామని. అలా కుదరదని చెప్పి పంపించాను.

ఒక గ్లాసు, నాలుగు చేతులు

ఆ శనివారం తెనాలి ఆఫీసులో అత్యవసర కార్యవర్గం జరిగింది. ఒకే అంశం. మూడు గంటల చర్చ తర్వాత తీర్మానం చేశాం: గ్లాసు ఒక్కటే, దాన్ని ఇద్దరు పెద్దలూ కలిసి పట్టుకుంటారు. ప్లీడరు గారు కుడివైపు, లెక్చరర్ గారు ఎడమవైపు. ఎడమవైపు తక్కువైపోతుందని బాపట్ల సభ్యులు అభ్యంతరం చెబితే, ఫోటోలో చూసేవాళ్ళకి అది కుడివైపు అవుతుందని నచ్చజెప్పాం. మామూలు గ్లాసుకి నాలుగు చేతులు పట్టవు కనుక పెద్ద మజ్జిగ గ్లాసు తెప్పించాం.

ఒకసారి చేసి చూద్దామన్నారు. నేను చాప మీద ఆకలిగొన్న కూలీగా కూర్చున్నాను. ఇద్దరూ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వంగారు. ప్లీడరు గారు పొడుగు, లెక్చరర్ గారు పొట్టి. ఒకరు పైకి లాగితే ఒకరు కిందికి లాగారు. నీళ్ళన్నీ నా చొక్కా మీద పోయాయి. రెండోసారి కొన్ని ముక్కులోకి వెళ్ళాయి. మూడోసారి తాగగలిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, నవ్వుతూ కాదు, నిజంగానే ఒక సమస్య తీరిందని సంతోషించి. ఈ పనిలో మనిషి ఎంత దూరం కొట్టుకుపోతాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇద్దరికీ ఖాళీ ఉన్న రోజు ఒక్కటే దొరికింది. గురువారం. పొద్దున తొమ్మిదిన్నర.

సర్వే కూడా గురువారమే అని నాకు తెలుసు. ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. పెద్దలకి చెప్పి ఇంకో రోజు చూడండి అనాల్సింది. నేను సోమవారం మండలాఫీసుకి వెళ్ళి, సర్వే వాయిదా వేయమని అర్జీ ఇచ్చాను.

ఎమ్మార్వో గారు దాన్ని రెండుసార్లు చదివారు. "ఇదేంటండి, స్థలాలు ఇవ్వమనేగా దీక్ష?"

"అవునండి."

"ఆ దీక్ష ముగిసేదాకా స్థలాలు ఇవ్వద్దంటున్నారా?"

"ఇవ్వద్దని కాదండి. విరమణ అయ్యాక ఇస్తే బాగుంటుందని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇట్టాంటి అర్జీ చూళ్ళేదండి. గురువారం దాటితే సర్వేయరు వేరే మండలానికి పోతాడు. మీ ఇష్టం," అన్నారు.

కనీసం ఐదుగురే టెంటులో ఉండి మిగతావాళ్ళు గట్టు మీద ఉంటే సరిపోయేది. లెక్చరర్ గారు ఒప్పుకోలేదు. గట్టు మొత్తం రావాలి, టెంటు నిండితేనే ఫోటో అన్నారు. సర్వే ఉందండి అన్నాను. "సర్వేయరు టైముకి ఎప్పుడొచ్చాడయ్యా?" అన్నారు. ఆ మాట పట్టుకెళ్ళి గట్టు మీద నా మాటగా చెప్పాను. "సాయంత్రానికి గానీ రాడమ్మా, ఈలోపు వచ్చేద్దాం," అని నేనే హామీ ఇచ్చాను. "మీరు చెప్పారంటే సరేనండి," అంది సువార్తమ్మ. మూడు ట్రాక్టర్లు మాట్లాడింది కూడా నేనే.

గురువారం

పది దాటింది. టెంటు నిండా జనం, పిల్లల్నీ ముసలివాళ్ళనీ కూడా తెచ్చాం. చివరి ఐదుగురిలో సువార్తమ్మ ఉంది, మెడలో బంతిపూల దండ. మజ్జిగ గ్లాసులో నిమ్మరసం సిద్ధంగా ఉంది. లెక్చరర్ గారు వచ్చారు. ప్లీడరు గారు రాలేదు. స్టేషన్ దాకా వచ్చాక కండువా మర్చిపోయానని గుర్తొచ్చి ఇంటికెళ్ళారట, ఈలోపు రేపల్లె పాసింజరు వెళ్ళిపోయింది. బస్సులో వస్తున్నారని కబురు. తీర్మానం ప్రకారం గ్లాసుకి నాలుగు చేతులు కావాలి. లెక్చరర్ గారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

అప్పుడు కాలవ లస్కరు సైకిల్ మీద వచ్చాడు. తూములు చూసే మనిషి, గట్టు వాళ్ళందరికీ తెలిసినవాడు. "ఏంటమ్మా మీరంతా ఇక్కడ? సర్వేయరు పదింటికే వచ్చాడు. రోడ్డు కాడ నుంచి మొదలుపెట్టి ఖాళీ, ఖాళీ అని రాసుకుంటా పోతన్నాడు," అన్నాడు.

నా ఇరవై ఏళ్ళ పనిలో ఒక ప్రభుత్వోద్యోగి చెప్పిన నిమిషానికి రావడం అదొక్కసారే చూశాను.

సువార్తమ్మ లేచింది. లెక్చరర్ గారి చేతుల్లోంచి గ్లాసు తీసుకుంది. గడగడా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుని, గ్లాసు మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"అమ్మా, నీకు నువ్వు తాగకూడదమ్మా. ఎవరైనా ఇవ్వాలి," అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

"ఆకలి ఎవరిస్తే వచ్చిందండి?" అంది ఆవిడ. తర్వాత టెంటు వైపు తిరిగి, "అయిపోయింది. పదండే," అంది.

ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. నాట్లకి బయల్దేరినట్టు లేచి ట్రాక్టర్లు ఎక్కారు. నేనూ ఎక్కాను. దారంతా ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని అనుకున్నాను.

గట్టు మొదట్లో, రోడ్డుకి దగ్గరగా ఉన్న గుడిసె సువార్తమ్మదే. అక్కడికి రాగానే డ్రైవరు వేగం తగ్గించాడు. ఆవిడ ట్రాక్టరు రేకు మీద చేత్తో కొట్టి, "ఆపద్దు. ముందుకు పోనీ," అంది.

"మీ గుడిసె కదమ్మా," అన్నాను.

"రాసింది ఎట్టాగూ రాశాడు సార్. రాయనివి చూద్దాం."

సర్వేయరు పదకొండో గుడిసె దాటి పన్నెండో దాని దగ్గరికి వస్తున్నాడు. ట్రాక్టర్లు ఆయన్ని దాటి వెళ్ళి ఆగాయి. జనం దూకి ఎవరి గుడిసె ముందు వాళ్ళు నిలబడ్డారు. కాళ్ళు రాని ఒక ముసలాయన్ని సువార్తమ్మ ఎత్తి దించి వాళ్ళ గుమ్మం ముందు నిలబెట్టింది. ముప్ఫై ఒక్క గుడిసెలు మనుషులతో సహా కాగితం మీదికి ఎక్కాయి. పదకొండు ఖాళీ. అందులో మొదటిది ఆవిడది.

బతిమాలాం. సర్వేయరు రాసింది కొట్టెయ్యనన్నాడు, కొట్టేస్తే తన మీదికి వస్తుందన్నాడు. అతని తప్పేమీ లేదు.

రేపల్లెలో ప్లీడరు గారు కండువాతో సహా దిగేసరికి టెంటులో లెక్చరర్ గారు, ఫోటోగ్రాఫరు, షామియానా ఊడదీస్తున్న మనిషి మాత్రమే మిగిలారు. ఫోటోగ్రాఫరు వచ్చాడు కదా, వృథా ఎందుకని ఆ షామియానా మనిషిని చాప మీద కూర్చోబెట్టి, దండ వేసి, ఇద్దరూ కలిసి అతని చేత మంచినీళ్ళు తాగించారు. అంతకుముందే అతను రెండు ప్లేట్లు ఇడ్లీ తినొచ్చాడు. ఆ ఫోటో నేను రిటైరయ్యేదాకా మా ఆఫీసు గోడ మీద ఉంది. కింద 'రేపల్లె దీక్ష విజయం' అని రాసింది నేనే.

నా పై అధికారి

చాలా ఏళ్ళు తప్పు పెద్దలదని చెప్పుకున్నాను. వాళ్ళ మోజు వాళ్ళకుంది, నిజమే. కానీ కాగితం నా జేబులో ఉంది. ఎమ్మార్వో ముందు నిలబడి వాయిదా వేయమని అర్జీ ఇచ్చింది నేనే. ఇద్దరు పెద్దల్లో ఎవరికి కోపమొస్తుందో అని భయపడ్డాను. సువార్తమ్మకి కోపమొస్తుందని ఒక్క క్షణం కూడా భయపడలేదు, ఎందుకంటే ఆవిడ కోపం వల్ల నాకేమీ కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు ఎవరి కోపానికి భయపడుతున్నారో చూసుకోండి, మీరు ఎవరి దగ్గర పనిచేస్తున్నారో తెలిసిపోతుంది.

ఆ పదకొండు పట్టాల కోసం ఆరేళ్ళు తిరిగాను. టెంటు లేదు, మైకు లేదు, ఫోటో లేదు. నలుగురు ఎమ్మార్వోలు మారారు. రెండుసార్లు గట్టు మీదికి నీళ్ళొచ్చాయి. ఒకసారి సువార్తమ్మ గుడిసె పూర్తిగా కొట్టుకుపోతే, అవతల పట్టాలొచ్చిన ముప్ఫై ఒక్క కుటుంబాలూ తలా ఒక తాటాకుల మోపు తెచ్చి మళ్ళీ వేశాయి. నేను ఒక పక్కన నిలబడి తాడు అందించాను. నా ఉద్యోగంలో నాకు సిగ్గుగా లేని రోజుల్లో అదొకటి.

చివరికి పట్టాలు వచ్చాయి. కొత్త స్థలంలో గోడలు లేచాక ఒక మధ్యాహ్నం సువార్తమ్మ నన్ను తన ఇంటికి రమ్మంది. వెళ్ళేసరికి పది కుటుంబాల వాళ్ళు వరండాలో విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నాకూ ఒక విస్తరి వేసి, అన్నం, పప్పు, నిమ్మకాయ పచ్చడి వడ్డించింది. నేను అలవాటు కొద్దీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంకెవరైనా రావాలేమోనని గుమ్మం వైపు చూశాను.

అన్నేళ్ళూ నన్ను సార్ అన్న మనిషి నా ముందు వంగి, విస్తరి కొంచెం ఇటు జరిపింది.

"తిను తమ్ముడూ. ఎవరికోసం చూడక్కర్లా," అంది.

తిన్నాను. ఆవిడ మాత్రం అప్పటికి ఇంకా కూర్చోలేదు, ఎవరి విస్తట్లో ఏం తగ్గిందో చూస్తోంది.